ఆ డబ్బాల మూతలు తీయండి

పాత తెలుగు సినిమాల నెగెటివ్‌లు, ప్రింట్లు, హక్కుల కాగితాలు చేతిలో ఉన్న నిర్మాతలకు, వారి వారసులకు, పంపిణీదారులకు –



మీలో కొందరివి పెద్ద బ్యానర్లు. పేరు ఎత్తితే చాలు, టైటిళ్ళకు ముందు వచ్చే ఆ బొమ్మా, దాని వెనక వచ్చే బాణీ గుర్తొస్తాయి. కొందరు ఒకటో రెండో సినిమాలు తీసి, చేతులు కాల్చుకుని, మళ్ళీ ఆ వైపు తొంగిచూడనివాళ్ళు. ఇంకొందరికి సినిమాతో సంబంధమే లేదు. తాతగారి ఆస్తి పంచుకున్నప్పుడు ఇల్లూ పొలంతో పాటు ఒక గదినిండా రేకుడబ్బాలు కూడా వాటాకొచ్చాయి. ఇందరినీ కలిపి ఒకే ఉత్తరం రాయడం మర్యాద కాదేమో. కానీ అడగాల్సింది అందరినీ ఒకటే.

ఈ మధ్య చూసిన కొన్ని సినిమాలు, వాటి మధ్యలో పట్టుకుని వదలని ఒక లైవ్ ఆల్బమ్ నాచేత ఈ ఉత్తరం రాయిస్తున్నాయి. నేను సినిమా పండితుణ్ణి కాను, ఈ వ్యాపారం ఎరిగినవాణ్ణీ కాను. టికెట్ కొనుక్కుని కూర్చునేవాణ్ణి.

ముందు ‘శివ’. 1989 అక్టోబరులో వచ్చిన సినిమా, 2025 నవంబరులో 4కె బొమ్మతో, డాల్బీ అట్మాస్ శబ్దంతో మళ్ళీ థియేటర్లకొచ్చింది. హాల్లో సగం నా ఈడువాళ్ళు, సగం వాళ్ళ పిల్లలు. సైకిల్ చైను ఘట్టం ఇంకా రాకముందే ఈలలు. ఎస్. గోపాలరెడ్డి గారు పట్టిన ఆ కాలేజీ ఆవరణా, ఆ సందులూ, ఆ ఎండా ఇంత స్పష్టంగా ఇన్నేళ్ళలో నేను చూడలేదు. కేబుల్ టీవీలో, ఆ తర్వాత ఫోనులో చూసీ చూసీ, ఆ సినిమా రంగే అంత, కొంచెం మట్టి కొట్టుకుపోయినట్టు ఉంటుందని అలవాటు పడిపోయాం. అది సినిమా రంగు కాదు, మన దాకా చేరిన కాపీల రంగు.

శబ్దం దగ్గరే నాకు మనసు రెండుగా చీలింది. అన్న కూతుర్ని సైకిల్ మీద కూర్చోబెట్టుకుని శివ సందుల్లోంచి తప్పించుకునే ఘట్టంలో చప్పుడు నా వీపు వెనక నుంచి కూడా వచ్చింది. ఒళ్ళు జలదరించింది, కాదనను. అయితే మొదటిసారి చూసినప్పుడు శబ్దమంతా తెర వైపు నుంచే వచ్చేది, భయం మనకు ఎదురుగా నిలబడేది. ఆ రోజుల్లో ‘శివ’ అంత కొత్తగా అనిపించడానికి ఒక కారణం, ఎక్కడ చప్పుడు ఆపాలో ఆ సినిమాకు తెలిసి ఉండటం. చుట్టూ అన్ని స్పీకర్లు పెట్టుకున్నాక వాటికి పని చెప్పకుండా ఊరుకోవడం ఎవరికైనా కష్టమే. దర్శకుడూ నిర్మాణ సంస్థా ఇష్టపడి చేసుకున్న మార్పు అది, తప్పుపట్టే హక్కు నాకు లేదు. నాకు కావాల్సింది చిన్న సంగతి: శుభ్రం చేసిన ఇదే బొమ్మకు 1989 నాటి ట్రాకు జోడించిన కాపీ కూడా, కావాలన్నవాడికి ఎక్కడో ఒకచోట దొరకాలి.

కొత్తది వద్దని ఎవరన్నారు? పాతదాన్ని పక్కన ఉండనివ్వమనే నా గోల.

తర్వాత ‘మంథన్’. శ్యామ్ బెనెగల్ తీసిన 1976 నాటి సినిమా. గుజరాత్ పాడిరైతులు ఐదు లక్షల మంది తలా రెండు రూపాయలు వేసుకుని తీయించుకున్నది. ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ దాన్ని బాగుచేయించాక 2024లో కేన్స్ ఉత్సవంలో క్లాసిక్స్ విభాగంలో వేశారు. ఆ జూన్‌లో మన దేశంలో చాలా ఊళ్ళలో థియేటర్లకూ వచ్చింది. నేను చూసింది ఈ మధ్య ఒక ఫిల్మ్ సొసైటీ ప్రదర్శనలో.

కథ అందరికీ తెలిసిందే. పట్నం నుంచి డాక్టర్ రావు వస్తాడు, ఊళ్ళో పాలవ్యాపారి మిశ్రా ఉంటాడు, పాలల్లో వెన్న శాతం కొలిచే పరీక్ష ఒకటి ఊరి లెక్కలన్నీ తలకిందులు చేస్తుంది. నన్ను కదలనీయకుండా కూర్చోబెట్టింది కథ కాదు. గోవింద్ నిహలానీ కెమెరాలో ఆ ఊరి సున్నం గోడలకు, ఎండకు, దుమ్ముకు వేరువేరు తెలుపులున్నాయి. స్మితా పాటిల్ మాట్లాడకుండా నిలబడిన చోట్ల ఆమె మొహంలో ఏం మారుతోందో కనిపిస్తోంది. దూరదర్శన్‌లో చూసిన ‘మంథన్’లో అవేవీ లేవు, ఒకే గోధుమరంగు మసక ఉండేది. ఇక శబ్దం – దాన్ని తోమి తోమి ఈ కాలపు శబ్దంగా మార్చలేదు. ప్రీతి సాగర్ గొంతు ఒకే దిక్కు నుంచి, కొంచెం గరగర మిగిలి, ఆ ఊరి గాలిలోంచి వచ్చినట్టే వస్తుంది.

ఆ శబ్దం ఎలా దొరికిందన్నది మీరు వినాల్సిన సంగతి. కెమెరా నెగెటివ్ పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌లో ఉంది. శబ్దాన్ని మాత్రం థియేటర్ల కోసం వేసిన ఒక ప్రింటు నుంచి తీసుకున్నారు. అంటే, ఎవరో ఒకరు ఒక ప్రింటును తుక్కుకింద అమ్మేయకుండా ఉంచబట్టి ఆ సినిమాకు ఇవాళ గొంతు ఉంది. పని జరిగింది ఎక్కడనుకున్నారు? ఇటలీలోని బొలోన్యా ల్యాబుతో పాటు చెన్నైలో, ప్రసాద్ వాళ్ళ దగ్గర. ఏలూరు పక్క సోమవరప్పాడులో పుట్టిన ఎల్.వి. ప్రసాద్ గారు 1976లో, సరిగ్గా ‘మంథన్’ వచ్చిన ఏడే, మద్రాసులో పెట్టిన ల్యాబుల వారసత్వం అది. పనితనానికి మనం పరాయి దేశం పోనక్కర్లేదు. సరుకే చేరడం లేదు.

‘షోలే’ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. దాని అసలు నెగెటివ్ బాగుచేయడానికి వీల్లేనంతగా పాడైపోయింది. అంత డబ్బు సంపాదించిన సినిమాకే ఆ గతి. తర్వాత లండన్‌లో ఒక గిడ్డంగిలో పడి ఉన్న, నెగెటివ్ నుంచి తీసిన ఇంటర్‌పాజిటివ్‌ల వల్ల పని ముందుకు సాగి, 2025 జూన్‌లో బొలోన్యాలో ఊరి నడిబొడ్డున తెర కట్టి వేశారు. కాబట్టి ‘మా నెగెటివ్ ఎప్పుడో పోయిందండీ’ అని మీరన్నా నేను ఆశ వదులుకోను. డూప్ నెగెటివ్ ఏ ల్యాబులో ఉందో, ప్రింటు ఏ జిల్లా పంపిణీదారుడి అటక మీద ఉందో.

‘మంథన్’ చూసి బయటికొస్తూ ఉంటే నాకొక ఉక్రోషం. బెనెగల్ మనవాడు. సికింద్రాబాదు తిరుమలగిరిలో పుట్టి, నిజాం కాలేజీలో చదువుకున్నాడు. ఆయన మొదటి సినిమాల ఊళ్ళు మన ఊళ్ళు. 1978లో తెలుగులోనూ ఒక సినిమా తీశాడు – ‘అనుగ్రహం’. వాణిశ్రీ, అనంత్ నాగ్, స్మితా పాటిల్, రావు గోపాలరావు, మాటలు ఆరుద్ర. హిందీలో అదే ‘కొండూరా’. దానికి ముందు ఏడాది మృణాల్ సేన్ ప్రేమ్‌చంద్ ‘కఫన్’ కథను తెలుగులో ‘ఒక ఊరి కథ’గా తీశారు. ఈ రెండు సినిమాలనూ మంచి ప్రింటులో చూపించమని నేను అడగని సొసైటీ లేదు. పాలరైతుల సినిమా కేన్స్ దాకా పోయింది, బెనెగల్ తీసిన తెలుగు సినిమా మాత్రం తెలుగువాళ్ళకు దొరకదు. ఈ ఉత్తరం చదివేవాళ్ళలో ఆ డబ్బాలు ఎవరి దగ్గరున్నాయో వాళ్ళు దయచేసి ఇంకో పేరా చదవకముందే లేచి వెళ్ళి చూడండి, నేనేమీ అనుకోను.

ఇప్పుడు ఆల్బమ్ సంగతి. ‘సాటర్డే నైట్ ఇన్ బాంబే’. జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌ల ‘రిమెంబర్ శక్తి’ బృందం 2000 డిసెంబరులో ముంబైలో చేసిన కచేరీ రికార్డు. మరుసటి ఏడు విడుదలైంది. సినిమావాళ్ళకు రాసే ఉత్తరంలో ఇదెందుకంటే, మీకు చెప్పాల్సిన మాట నాకు దీన్ని వింటున్నప్పుడే తట్టింది.

అందులో ఒక అంశం మనది. అట్ట మీద పేరు కాస్త వంకర తిరిగింది గానీ అది త్యాగరాజస్వామి బంగాళ రాగ కృతి ‘గిరిరాజసుతా తనయ’. పాలకొల్లు నుంచి వెళ్ళిన మాండలిన్ శ్రీనివాస్ దాన్ని ఆ బృందంలోకి తీసుకొచ్చారు, శంకర్ మహదేవన్ పాడారు. మాండలిన్ జంట తీగల వాయిద్యం. శ్రీనివాస్ ఆ జంటలు తీసేసి ఒంటి తీగలు వేసుకున్నారు, ఐదో తీగ కలిపారు, ఎలక్ట్రిక్ మాండలిన్ మీద గమకం పలికించారు. గురువుగారు రుద్రరాజు సుబ్బరాజు నోటితో పాడి చెబితే ఈయన వాయించి నేర్చుకున్నారు. ఆ బాణీ చివరిదాకా పోలేదు. ఈ రికార్డులో గాత్రమూ మాండలినూ ఒకదాన్నొకటి అందుకుంటుంటే, ఎవరు పాడుతున్నారో ఎవరు వాయిస్తున్నారో అన్న తేడా ఒక్కోచోట చెరిగిపోతుంది. గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో 1978లో మొదలైన కచేరీ జీవితం, 2014లో నలభై ఐదేళ్ళకే ఆగిపోయింది.

పాశ్చాత్యుడి గిటారు పక్కన మన కృతి పలచబడిపోయిందని పెదవి విరిచే విద్వాంసులున్నారు. నాకలా అనిపించలేదు. మెక్‌లాఫ్లిన్ అక్కడ తగ్గి వాయించారు. తగ్గడం తెలిసినవాడు కాబట్టే ఆ బృందం అన్నేళ్ళు నిలబడింది. 1975 జులైలో అమెరికాలోని సౌత్‌హాంప్టన్ కాలేజీలో వాయించిన, ఈ బృందం పాత రూపమైన ‘శక్తి’ తొలి ఆల్బమ్ కూడా లైవ్ రికార్డే. దాంట్లో ఘటం విక్కు వినాయకరాంది. పాతికేళ్ళ తర్వాత ముంబైలో ఆయన కొడుకు సెల్వగణేశ్ వాయించాడు.

ఆల్బమ్‌లో నన్ను పట్టేసింది ఇంకొకటి – జనం. మాండలిన్ ఒక సంగతి విసరగానే ఉండబట్టలేక చప్పట్లు. తబలా ముగింపు దగ్గరికొస్తోందని ముందే పసిగట్టిన గుంపులో ఒక కదలిక. శివకుమార్ శర్మ రచన ‘శృంగార్’ ఇరవై నిమిషాలు దాటి సాగుతుంది. సంతూర్ తీగ మోగి ఆగిన చోట మిగిలే ఆ ఖాళీ కూడా రికార్డయింది, అది స్టూడియో ఖాళీ కాదు, ఊపిరి బిగబట్టిన మనుషులున్న ఖాళీ. తలచుకుంటే సౌండ్ ఇంజనీరు ఇవన్నీ కోసేయగలడు. కోయలేదు. శర్మ గారు 2022లో పోయారు, జాకిర్ హుస్సేన్ 2024 డిసెంబరులో. శ్రీనివాస్‌తో కలిపి ఆ ముగ్గురూ ఒక వేదిక మీద ఉన్నప్పుడు ఎదుట కూర్చోవడం ఎలా ఉంటుందో ఇప్పుడు తెలుసుకోవాలంటే ఆ చప్పట్లతో సహా ఉన్న ఈ రికార్డే దారి.

1971లో న్యూయార్క్‌లో జరిగిన బంగ్లాదేశ్ సహాయ కచేరీలో రవిశంకర్, అలీ అక్బర్ ఖాన్ శ్రుతి చేసుకుంటుంటేనే జనం చప్పట్లు కొట్టేశారు. శ్రుతికే ఇంత ముచ్చటపడ్డారు, వాయింపు ఇంకా నచ్చుతుందనుకుంటానని రవిశంకర్ చురక వేశారు. ఆ శ్రుతీ, ఆ చప్పట్లూ, ఆ చురకా రికార్డులో అలాగే ఉంచేశారు. యాభై ఏళ్ళు దాటినా జనం ఆ ముక్కను చెప్పుకుని నవ్వుకుంటున్నారు. శుభ్రం పేరుతో దాన్ని తీసేసి ఉంటే?

మీరనొచ్చు, కచేరీ వేరు సినిమా వేరని. అంత వేరు కాదు. మన పాత సినిమా పాట లైవ్ రికార్డింగే. ఘంటసాల, లీల మైకు ముందు నిలబడితే, వాయిద్య బృందమంతా అదే హాల్లో కూర్చుని, గొంతూ వాద్యమూ కలిపి ఒక్క టేకులో తీసేవారు. ఎవరి వేలు తప్పినా మళ్ళీ మొదటి నుంచి. వయొలిన్ వాళ్ళు ఎంత దూరంలో కూర్చున్నారో, తబలా ఎటు ఉందో, ఆ హాలు గోడలు ఎంత ఎత్తో – అన్నీ ఆ ఒక్క మోనో ట్రాకులో అతుక్కుపోయి ఉంటాయి. దాన్ని విడదీసి, కుడికి కొంత ఎడమకు కొంత పంచి, కింద కొత్త బేస్ కలిపితే వినడానికి దిట్టంగానే ఉంటుంది. కానీ 1957లో మద్రాసులో ఒక హాల్లో కొందరు మనుషులు కలిసి చేసిన పని అందులో ఉండదు.

1957 అన్నాను కాబట్టి ‘మాయాబజార్’. 2010 జనవరిలో రంగులద్ది, డీటీఎస్ శబ్దం చేర్చి, నిడివి తగ్గించి విడుదల చేశారు. జనం ఎగబడి చూశారు. నలుపు తెలుపు అంటే మొహం తిప్పుకునే పిల్లలు ఎస్వీ రంగారావు గారి ఘటోత్కచుణ్ణి చూసి గంతులేశారు. మంచిదే. నాకు మాత్రం పడవ మీది ఆ వెన్నెల కావాలి. మార్కస్ బార్ట్‌లీ గారు రంగు లేకుండా, కేవలం బూడిద ఛాయల్లో నీటి మీద ఆడించిన వెన్నెల. దాని మీద నీలం పూస్తే అది రాత్రి అవుతుంది, వెన్నెల కాదు. అదృష్టవశాత్తూ ‘మాయాబజార్’ విషయంలో నలుపు తెలుపు బొమ్మ కూడా మిగిలింది. ఎవరికి ఏది కావాలంటే అది చూడొచ్చు. అన్ని సినిమాలకూ ఆ అదృష్టం పట్టలేదు.

‘మా భూమి’ని ఈ మధ్య ఫోనులోనే చూడాల్సి వచ్చింది. గౌతమ్ ఘోష్ దర్శకత్వం, బి. నరసింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మాణం, కిషన్ చందర్ నవల ఆధారం. 1980 మార్చి 23న విడుదలై హైదరాబాదులో ఉదయం ఆటలుగా నెలల తరబడి ఆడిన సినిమా. సుద్దాల హనుమంతు రాసిన పల్లెటూరి పిల్లగాడి పాటను సంధ్య పాడింది. దాంట్లో ఆర్భాటం లేదు, ఆ గొంతే ఆ పాట. నాకు దొరికిన కాపీలో ఆ గొంతు పై స్థాయికి వెళ్ళిన ప్రతిసారీ పగిలింది, తెర మూలన ఎవరిదో ముద్ర మెరుస్తూనే ఉంది, రాత్రి దృశ్యాలు ఉట్టి చీకటి. సాయుధ పోరాట కాలపు తెలంగాణను తెర మీదికి తెచ్చిన సినిమా ఇది. దీని మీద పీహెచ్‌డీలు వచ్చాయి, సభలు జరిగాయి, ఆ పాటలు వేదికలెక్కాయి. సినిమా మాత్రం ఫోను తెర మీద చిరిగిపోయి ఉంది.

ఇక్కడ నేను కళ్ళారా చూసిందొకటి చెప్పాలి. పాత పంపిణీదారుడు ఒకాయన విజయవాడలో తన గోడౌను ఖాళీ చేస్తుంటే తోడు వెళ్ళాను. పెద్దాయన, ప్రింటు పెట్టెలు రైల్లో వేయించి ఊరూరా తిప్పిన తరం. మొదటి డబ్బా మూత తుప్పు పట్టి రాలేదు. స్క్రూడ్రైవరుతో తిప్పి తీయగానే వెనిగర్ సీసా ఒలికినట్టు గుప్పుమని వాసన, కళ్ళు మండాయి. లోపల రీలు చుట్టలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. రెండోది కొంత నయం. ఆయన చివర పట్టుకుని రెండు గజాలు లాగి ట్యూబులైటుకు ఎదురుగా పెట్టారు. హీరోయిన్ మొహం, ఫ్రేము తర్వాత ఫ్రేము, ఎరుపెక్కిపోయి. అంచున, పళ్ళ రంధ్రాల పక్కన, సన్నగా వణుకుతున్నట్టు ఒక తెల్ల గీత. ‘అదేనండీ పాట’ అన్నారాయన, గోటితో చూపిస్తూ. ప్రొజెక్టరులో వెలుగు ఆ గీతలోంచి పోతేనే శబ్దం.

ఆయనే ఇంకో సంగతి చెప్పారు. రీలు మీద బొమ్మకు ఎదురుగా దాని మాట ఉండదట, దాదాపు ఇరవై ఫ్రేముల ముందుంటుందట. థియేటర్లో రీలు తెగితే ఆపరేటరు పాడైన ముక్క కోసి అతికించేవాడు కదా, అక్కడ పోయిన బొమ్మ ఒకటి, పోయిన మాట ఇంకొకటి. పాత సినిమాల్లో మాట ఎగిరిపోయే చోట్లన్నీ నాకు ఆ రోజు అర్థమయ్యాయి. ఆ డబ్బాల్లో బాగున్నవి, బాగోలేనివి కలిపి తుక్కువాడు తూకానికి అడిగాడు. ఫిల్మ్‌లో వెండి ఉంటుంది, దాన్ని కరిగించి తీస్తారు. పెద్దాయన నలుపు తెలుపు రీళ్ళు కొన్ని మాత్రం ఇవ్వనన్నారు. వాటిని ఎక్కడ పెట్టాలో ఆయనకూ తెలియలేదు, నాకూ తెలియలేదు. అది విజయవాడ మే నెల, ఆ గదికి రేకుల కప్పు.

ఆ వెనిగర్ వాసన ఊరికే రాదు. అసిటేట్ ఫిల్ము వేడికీ తేమకూ విచ్చుకుపోతూ ఆమ్లం వదులుతుంది. ఆ ఆవిరి అదే బీరువాలోని మంచి రీళ్ళకూ అంటిస్తుంది. మొదలైందాన్ని వెనక్కి తిప్పలేరు, చల్లగా పొడిగా ఉంచి నెమ్మదించేలా చేయగలరు, ఆలోపు స్కాన్ చేసుకోగలరు. 1950ల తొలి రోజులకు ముందు వాడిన నైట్రేట్ ఫిల్ము ఇంకా ప్రమాదం, నిప్పు తగిలితే ఆర్పలేం. మన తొలి పూర్తి తెలుగు టాకీ, 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’ ఇవాళ ఎక్కడా లేదు. అందులో చిన్న వేషం వేసిన కుర్రాడే తర్వాత ఎల్.వి. ప్రసాద్ గారయ్యారు. ఆయన పేరున్న సంస్థ లోకంలోని సినిమాలకు మరమ్మతు చేస్తోంది, ఆయన నటించిన ఆ తెలుగు సినిమా లేదు.

ప్రభుత్వం ఏం చేస్తోందని అడుగుతారు. కొంత చేస్తోంది. 2022లో కేంద్రం దాదాపు 2,200 సినిమాలను బాగుచేయడానికి 363 కోట్లు ప్రకటించింది. అక్కినేని శతజయంతి ఏడు, 2024లో, పునరుద్ధరించిన ‘దేవదాసు’ను గోవా ఉత్సవంలో వేశారు. అదే ఏడు సెప్టెంబరులో ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ ఆయన సినిమాలు పదింటిని దేశంలో చాలా ఊళ్ళలో ఆడించింది. ‘డాక్టర్ చక్రవర్తి’కి, ‘సుడిగుండాలు’కు కూడా తెర దొరికింది. చూడటానికి మనుషులున్నారనడానికి ఇంకే రుజువు కావాలి? అయితే ఆర్కైవ్ అయినా ఫౌండేషన్ అయినా మీ తాళం పగలగొట్టి తీసుకోలేదు. మీరు ఇస్తేనే.

ఇస్తే హక్కులు పోతాయేమోనని కొందరి భయం. రీలు భద్రపరచడానికి ఇవ్వడం వేరు, హక్కు రాసివ్వడం వేరు. ఆ మాట ఒప్పందంలో రాయించుకోండి. ఇంకోవైపు, మన చట్టం ప్రకారం సినిమా కాపీరైట్ విడుదలైన ఏడాది తర్వాత అరవై ఏళ్ళు. అంటే 1965 వరకు వచ్చిన సినిమాల గడువు తీరిపోయింది. వాటి మీద హక్కు జనానిది, డబ్బా మాత్రం మీది. ఆ డబ్బా తుప్పు పడితే మీకు వచ్చేదీ ఏమీ లేదు, జనానికి మిగిలేదీ ఏమీ లేదు. హక్కు ఇంకా ఉన్నవాళ్ళకైతే రీ-రిలీజుల కాలం ఇది. మంచి స్కాను ఉన్నవాడికే రేపు బేరం.

కాబట్టి నా మనవి. రీ-రిలీజు చేసుకోండి, అట్మాస్ చేసుకోండి, త్రీడీ చేసుకోండి, రంగులద్దుకోండి. ఆ పనికి కూర్చునే ముందు ఉన్నదాన్ని ఉన్నట్టు ఒక స్కాను తీయించండి – కోత లేకుండా, సెన్సారు సర్టిఫికెట్ దగ్గర్నుంచి చివరి కార్డు దాకా, మోనో ట్రాకుతో సహా, గరగర ఉంటే గరగరతో సహా. దాని కాపీ ఒకటి ఆర్కైవ్‌కు ఇవ్వండి. హార్డ్‌డిస్కు తీసి పెట్టుకున్నాం కదా అని రీలును తుక్కుకు వేయకండి. డిస్కు చెడిపోవడానికి పదేళ్ళు చాలు, చల్లటి గదిలో ఫిల్ము అంతకంటే చాలా ఎక్కువ కాలం బతుకుతుంది. సౌండ్ నెగెటివ్ వేరుగా ఉందేమో చూడండి, చాలాసార్లు అది ఇంకో గదిలో, ఇంకొకరి పేరున ఉంటుంది. ఫిల్మ్ ఛాంబర్‌లో పాత రిజిస్టర్లు ఉంటాయి, ఆ రోజుల ప్రొడక్షన్ మేనేజర్లు కొందరు ఇంకా బతికే ఉన్నారు, అడిగితే చెబుతారు.

అన్నీ ఒకేసారి అక్కర్లేదు. ఈ వేసవి ముదరకముందే ఒక్క డబ్బా మూత తీసి వాసన చూడండి. ఘాటుగా ఉంటే దాన్ని మిగతావాటి నుంచి వేరు చేసి, ఆ వారంలోనే పుణెకో చెన్నైకో ఫోను చేయండి.

ఇట్లు
ఒక ప్రేక్షకుడు
హైదరాబాదు